పుల్లకు గుచ్చిన టోఫు

మా తోడికోడలు రాజేశ్వరక్కకు కుదురు లేదు. అన్నం కూడా నిలబడే తింటుంది. మిర్యాలగూడలో వాళ్ల రైస్‌మిల్లు ఆగినా ఆమె కాళ్లు ఆగవు. అలాంటి మనిషికి నెలల తరబడి ఆగాల్సిన పని పడింది. ఇక చూడండి నా తలనొప్పి!

పక్షవాతం వచ్చాక ఆమె భర్త, మా బావ రాంచందర్ తిండి మానేశారు. చెంచా చూస్తే మొహం తిప్పుకునేవారు. రోజురోజుకూ చిక్కిపోతున్నారు. ఒకరోజు మాత్రం మాట కూడదీసుకుని, "జపాన్ల తిన్న... పుల్లకు గుచ్చి కాల్చింది" అన్నారు. ఎప్పుడో మిల్లు మిషన్లు చూడ్డానికి వెళ్లినప్పటి రుచి. మంచం పట్టాక ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

వాళ్ల కూతురు సాయిశ్రీ ఫోన్‌లో వెతికింది. సోయా పాలు విరగ్గొట్టి చేసే టోఫు ముక్కలకు మిసో అనే ఉప్పటి ముద్ద పూసి నిప్పుల మీద కాలుస్తారట. మిసో డబ్బా తెప్పిస్తే అందులో చేపల పొడి ఉంది. నీచు ముట్టని మా ఇళ్లలో అది గడప దాటుతుందా? దాంతో అక్క తానే చేస్తానంది. ఉడికించిన సోయా గింజల్లో ఉప్పూ, బూజు పట్టించిన బియ్యమూ కలిపి, మూత తియ్యకుండా నెలల తరబడి ఊరబెట్టాలి.

"రైస్‌మిల్లోళ్ల ఇంట్ల బియ్యానికి బూజు పట్టిస్తవా? నలుగురు వింటే నవ్వుతరు" అన్నాను.

"నవ్వనియ్. నువ్వు సప్పుడు జెయ్యకు."

జాడీకెత్తిన మూడోనాడే, ఆవకాయ తిరగగలిపినట్టు మూత తీసి కలిపేసింది. తర్వాతా రోజూ తీసి చూస్తూనే ఉంది. ముద్దంతా నల్లబడి కంపు కొట్టింది. "నా బుద్ధి గడ్డి తిన్నది" అని నెత్తి కొట్టుకుంది.

రెండో జాడీని నేను హుజూర్‌నగర్‌లో మా ఇంటికి తెచ్చి, గదిలో పెట్టి తాళం వేశాను. ఊరుకుంటుందా? బస్సెక్కి వచ్చేది.

"ఒక్కసారి సూస్తనే, అనురాధా."

"సూడొద్దక్కా. మల్ల ఖరాబ్ జేస్తవు."

"అది అయ్యేదాంక ఆయన ఉంటడా?"

కోపమంతా దిగిపోయి ఏడుపొచ్చింది. అయినా తాళం తియ్యలేదు.

వానలు వెళ్లాక జాడీని మిర్యాలగూడ తీసుకెళ్లి మూత తీశాం. ముద్ద గోధుమరంగు తిరిగి, కమ్మటి వాసన వేసింది. అక్క బావ మంచం పక్కనే కుంపటి రాజేసి, కొంచెం బెల్లం కలిపిన మిసో పూసి ముక్కలు కాల్చింది. ఊది ఊది ఒకటి నోట్లో పెట్టింది.

బావ చాలాసేపు నమిలారు. తల అడ్డంగా ఊపారు.

"గది... గాదు."

అక్క మొహం పాలిపోయింది. పుల్ల చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బావ మళ్లీ నోరు తెరిచారు.

"ఇంకోటి పెట్టరాదే."