భర్త ఇంట్లోనే ఉంటారు

కిందటి నెల ఒక మంగళవారం పొద్దున్నే మా పక్కింటి బాబాయి గారు పోయారు. పిన్ని గారి ఎడం చెయ్యి తన మెడ చుట్టూ వేయించుకుని, ఆవిణ్ణి మంచం మీంచి లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి మడతపెడుతూ మంచం అంచున కూలబడ్డారు. అంతే. ఆవిడకి కుడి పక్కంతా పక్షవాతం. ఎడం చేత్తోనే ఎలాగో ఫోన్ అందుకుని మాకు చేస్తే, చెప్పులు కూడా వేసుకోకుండా మంచులో పరిగెత్తాను. అంబులెన్స్ వాళ్లు చూసి గుండె అన్నారు. వాళ్ల పరికరాలకి గుండె దాకానే కనిపిస్తుంది మరి. దాని వెనక నాలుగేళ్ల కథ ఉంది. అది చెప్పడానికే రాస్తున్నాను. కాస్త కోపంగా ఉంటుంది, సర్దుకోండి.

బాబాయి అంటే చుట్టరికం ఏమీ కాదు. కెనడాలో, కాల్గరీలో పక్కపక్క ఇళ్లు, మధ్యలో ఒక చెక్క కంచె. ఆయనది తెనాలి పక్క, మాది ఒంగోలు పక్క. ఇక్కడికొస్తే ఆ దూరం కంచెంత అయిపోతుంది. ఎవరి ఇంటి ముందు మంచు వాళ్లే తీసుకోవాలని ఊళ్లో నియమం. ఆయన తన వంతు తీసి, మా గుమ్మం దాకా వచ్చేసేవారు. "ఎందుకండీ బాబాయి గారూ!" అంటే, "పార ఊపులో వచ్చేసింది అబ్బాయ్, బ్రేకుల్లేవు" అనేవారు. ఉన్నన్నాళ్లూ ఆ పారకి బ్రేకులు వేయించుకోలేదు.

పిన్ని గారు ఒక డే కేర్‌లో వంట చేసేవారు. అరవై దాటిన కొత్తలో స్ట్రోక్ వచ్చింది. అదేం విచిత్రమో, ఇంగ్లీషు మొత్తం పోయి తెలుగు మిగిలింది. పిల్లలు లేరు. బాబాయి గారు ఫర్నిచర్ గోడౌన్‌లో ఉద్యోగం చేస్తూనే ఆవిణ్ణి చూసుకున్నారు. ఆయన డ్యూటీకి వెళ్లే టైముకి ప్రభుత్వం వాళ్లు పంపే హెల్పర్ వచ్చేది, తిరిగొచ్చేదాకా ఉండేది. పిన్ని గారికి జడ వేయడం మాత్రం హెల్పర్‌కి ఇచ్చేవారు కాదు. వీడియో చూసి నేర్చుకున్నారు. ఆ జడ ఎప్పుడూ ఎడమవైపే తిరిగేది. "మా ఆయన డ్రైవింగూ అంతే" అనేవారు పిన్ని గారు, మాటలు కూడబలుక్కుంటూ.

అప్పుడు వాళ్లకి అరవై అయిదు వచ్చింది. ఇద్దరికీ ఒకే ఏడాది, కొన్ని నెలల తేడాతో.

అరవై అయిదు అంటే పండగ అనుకుంటాం. వృద్ధాప్య పింఛను వచ్చింది, కాదనను. అయితే నలభై ఏళ్లు ఈ దేశంలో ఉన్నవాళ్లకే అది పూర్తిగా ఇస్తారు. వీళ్లకి అందులో ముక్క. పిన్ని గారికి వస్తున్న డిజెబిలిటీ పింఛను పుట్టినరోజుతో ఆగి, మామూలు రిటైర్మెంట్ పింఛనుగా మారి, చిక్కిపోయింది. "చూశావా అబ్బాయ్, కేకు కోసేలోపు పక్షవాతం నయమైపోయింది" అన్నారు బాబాయి గారు. ఇంట్లో జబ్బు మనిషిని చూసుకునేవాళ్లకి పన్నులో తగ్గింపు ఒకటుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆయనకి అది పనికొచ్చింది. పింఛను మీద పడ్డాక కట్టాల్సిన పన్నే లేదు, ఇక తగ్గించేదేముంది? గుండు చేయించుకున్నాక దువ్వెనల మీద డిస్కౌంటు ఇచ్చినట్టు.

ఇవన్నీ ఆయన నవ్వుతూనే మింగారు. మింగుడుపడనిది హెల్పర్ సంగతి. భర్త రిటైరయ్యారు కదా, ఇంకా హెల్పర్ అవసరమా కాదా చూడ్డానికి ఆఫీసు నుంచి మనిషి వస్తుందని ఫోన్ వచ్చింది. ఆ సాయం ఆగిపోతే పిన్ని గారిని ఎప్పటికో ఒకప్పటికి వృద్ధుల హోమ్‌లో చేర్చాలి. ఊరికి ఏ మూల గది ఖాళీ అయితే ఆ మూలకి. ఇంగ్లీషు పోయిన మనిషి అక్కడ మంచినీళ్లు ఎవర్ని అడుగుతుంది? ఆయన భయమంతా అదే. ఆవిడ ఇంట్లో ఉండాలి. ఇంకేమీ అడగలేదాయన.

ఆ వచ్చేది ఎందుకు? ఇంట్లో కష్టం ఎంతుందో చూడ్డానికి. మనవాళ్లు ఏం చేశారు? ఇల్లు అద్దంలా తుడిచారు. మంచం పక్కనుండే మందుల బుట్ట, డైపర్ల అట్టపెట్టె, తడి గుడ్డలు, అన్నీ బేస్‌మెంట్‌లోకి దింపేశారు. పిన్ని గారికి పట్టుచీర కట్టి, బొట్టు పెట్టి, దిండ్లు ఆనించి సోఫాలో కూర్చోబెట్టారు. పెళ్లిచూపులకి కూడా అంత హడావిడి జరిగి ఉండదు. మా ఆవిడ చేసిన జంతికలు పట్టుకుని నేను వెళ్లేసరికి ఫిల్టర్ కాఫీ వాసన వీధిలోకి వస్తోంది.

వచ్చినావిడ మంచిదే. రెండు జంతికలు తిన్నది. "ఎలా మేనేజ్ చేస్తున్నారు?" అని అడిగింది.

"నో ప్రాబ్లమ్ మేడమ్. నేనున్నాగా" అన్నారు బాబాయి గారు ఇంగ్లీషులో.

"రాత్రిళ్లు లేవాల్సి వస్తుందా?"

"వెరీ గుడ్ స్లీప్ మేడమ్."

టేబుల్ కింద ఆయన కాలు తొక్కాను. ఆయన కాలు వెనక్కి తీసుకుని, "సారీ అబ్బాయ్, అడ్డమొచ్చానా?" అన్నారు.

ఆవిడ వెళ్లిపోయాక అడిగాను. "రాత్రికి మూడుసార్లు ఆవిణ్ణి పక్కకి తిప్పుతున్నారు కదండీ! చెప్పరేం?"

"ఇంటికొచ్చిన మనిషి ముందు మన ఏడుపులేమిటయ్యా? కాఫీ తాగుతోంది పాపం."

"ఏడవాలి బాబాయి గారూ. ఇక్కడ ఏడుపుకి కూడా అప్లై చేసుకోవాలి."

పిన్ని గారు సోఫాలోంచి నన్నే మందలించారు. "ఊరుకో నాయనా. చీర బాగుందని సైగ చేసింది కదా."

ఫలితం వచ్చింది. రోజంతా ఉండే హెల్పర్ వారానికి రెండు పూటలకి దిగింది, స్నానానికి మాత్రమే. కారణం ఒక్క ముక్కలో రాశారు: భర్త ఇంట్లోనే ఉంటారు.

నాకు ఒళ్లు మండింది. స్పీకర్ పెట్టి ఆఫీసుకి ఫోన్ చేయించాను. ఈసారి ఆయన దాచలేదు. రాత్రిళ్లు లేవడం, నడుం నొప్పి, అన్నీ చెప్పారు. అవతలి అమ్మాయి ఓపిగ్గా విన్నది. అరవై అయిదులోపు వాళ్లకైతే చూసుకునేవాళ్లకి సాయం వేరే లెక్కన ఉంటుందట. ఇప్పుడు పిన్ని గారి ఫైలు సీనియర్ల వైపుకి మారిందట, అక్కడ ఇంట్లో భార్యో భర్తో ఉంటే వాళ్లనే మొదటి సాయంగా చూస్తారట.

"మేడమ్, నాకూ అరవై అయిదు వచ్చింది" అన్నారు బాబాయి గారు.

"కంగ్రాచులేషన్స్ సర్!" అంది ఆ అమ్మాయి. మనస్ఫూర్తిగానే అంది.

ఆయన "ఇద్దరు ముసలివాళ్లని కలిపితే ఒక పడుచువాడు అవుతాడా మేడమ్?" అని అడిగారు. ఆ ప్రశ్న పై వాళ్లకి పంపిస్తానంది. ఏ పైకి పంపిందో గానీ, జవాబు మాత్రం కిందకి దిగలేదు.

ఆ అమ్మాయిని నేనేమీ అనను. ఆమె ముందున్నది చదివింది. ఆ చదివేదాన్ని రాసినవాళ్లు ఎప్పుడైనా పెద్ద వయసులో ఒక మనిషిని చంకల కింద పట్టుకుని లేపారా అని నా అనుమానం. అరవై నాలుగేళ్ల వాడు భార్యని చూసుకుంటే అలిసిపోతాడు, అతనికి సాయం కావాలి. అరవై అయిదు రాగానే బలం పుంజుకుంటాడు! ఇది ఏ వైద్యశాస్త్రంలో ఉందో చెప్తే, నేనూ ఆ వయసుకి దగ్గరపడుతున్నాను, సంతోషంగా ఎదురుచూస్తాను.

కిందటేడు ఆయనకి గుండెలో అడ్డంకి ఉందని తేలింది. బరువులెత్తొద్దన్నారు డాక్టరు. "మా ఆవిణ్ణి బరువంటే ఆవిడ ఊరుకోదండీ" అని ఆయన డాక్టర్నే నవ్వించి వచ్చేశారు. ఆపరేషన్ చేయాలి, ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉండాలన్నారు. ఆ కొన్నాళ్లు పిన్ని గారు ఉండటానికి హోమ్‌లో తాత్కాలికంగా ఒక గది అడిగాం. వెయిటింగ్‌లో పెట్టారు. మా ఇంట్లో ఉంచుకుంటామంటే, ఆఫీసు వాళ్లు మా మెట్లు చూసి తల అడ్డంగా ఊపారు. గది వచ్చాకే వెళ్తానని బాబాయి గారు ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేయించుకున్నారు. "దానికేం తొందర అబ్బాయ్, నా గుండె ఎక్కడికి పోతుంది!" అనేవారు. నేను గట్టిగా అరిచినా, కంచె అవతల నుంచి గోంగూర కట్ట చేతిలో పెట్టి మాట మార్చేసేవారు.

ఆయన పోయిన మూడో రోజు ఆఫీసు నుంచి కారొచ్చింది. ఇప్పుడు భర్త ఇంట్లో లేరు కదా. హోమ్‌లో గది దొరికేదాకా రోజుకి నాలుగు పూటలా మనుషులు వస్తారట. రాత్రిళ్లు మా ఆవిడ వెళ్లి పడుకుంటోంది. ఆయన బతికుండగా రెండు పూటలు గగనమైన చోట, పోయాక నాలుగు పూటలు. ఇంత త్వరగా పని జరగాలంటే ఏం చేయాలో పాపం ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మొదటి రోజు ఇద్దరమ్మాయిలు వచ్చారు. ఒక్కరు వస్తారనుకున్నాను, అదే అడిగాను. అందులో పెద్దది, పాతికేళ్లుంటాయేమో, నాకు తెలియనందుకు ఆశ్చర్యపోయింది. ఒక్క మనిషి లేపడానికి వీల్లేదట. నడుము పోతుందట. సేఫ్టీ అట. నేను కిటికీ వైపు తిరిగి కాసేపు మంచు చూశాను.

వాళ్లు గ్లవుజులు వేసుకుని చెరోవైపూ నిలబడ్డారు. వన్, టూ, త్రీ అని జాగ్రత్తగా లేపారు. లేచేటప్పుడు పిన్ని గారి ఎడం చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఒక మనిషి మెడ ఉండే ఎత్తుకి వెళ్లి, పట్టుకోవడానికి ఏమీ దొరక్క, అక్కడే గాలిలో ఆగిపోయింది. చిన్నమ్మాయి అది చూసి, తననే పలకరిస్తున్నారనుకుని, నవ్వుతూ చెయ్యి ఊపింది.