గీత పడని చీర

నా చిన్నప్పుడు మా ఇంట్లో నిశ్శబ్దం అంటే కరెంటు పోవడమే. బెంగళూరు చిక్కపేట వెనక సందులో మాది నేతపని ఇల్లు. ముందు గదిలో రెండు కరెంటు మగ్గాలు పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా ఆడుతూనే ఉండేవి. ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి మేమంతా సగం సంగతులు చేతులతోనే చెప్పుకునేవాళ్ళం.

మగ్గాల గోడకు అవతల మాదే ఒక చిన్న గది ఉండేది. లంకలో యుద్ధం తప్పించుకుని పడవలో వచ్చిన ఒక తమిళ జంట అందులో అద్దెకు దిగింది. ఆయన సామాన్ల టెంపో నడిపేవాడు. నవ్వుముఖం. మా నాన్నను అన్నా అని పిలిచేవాడు. ఆ అక్క మా మగ్గాలకు కండెలు చుట్టి ఇచ్చేది. దారం చుట్టిన ఆ పుల్లలు బుట్టలో వరసగా పేర్చి తెచ్చేది. బుట్ట అడుగున నా కోసం ఒక కొబ్బరిముక్క ఉండేది. మా ఇంట్లో అందరికీ తమిళం వచ్చు. అయినా ఆమె పెద్దగా మాట్లాడేది కాదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలు ఆగీ ఆగగానే గోడ అవతల ఒక కేక, సగం కేక వినపడింది. వెంటనే అదీ ఆగిపోయింది. మా తాతయ్య పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత మా అవ్వతో అన్నాడు.

"మన మగ్గం చప్పుడు చాటున కొడతా ఉండాడే వాడు."

"పుట్టింటికి పొమ్మని చెప్పరాదా ఆ బిడ్డకు?"

"యాడుండాది పుట్టిల్లు? సముద్రానికి ఆ పక్క కాలిపోయి ఉండాది. ఈడ పోలీసుల కాగితంలో ఆమె వాని పెండ్లాము, అంతే. నన్ను విడిస్తే నిన్ను మళ్ళా పడవెక్కిస్తారని బెదిరిస్తా ఉండాడంట."

ఆ రోజు నుంచి మా తాతయ్య ఒక ఉపాయం పట్టాడు. ఉన్నట్టుండి మెయిన్ స్విచ్ కట్టేసేవాడు. రెండు మగ్గాలూ ఒక్కసారిగా ఆగిపోయేవి. అవతల ఏదైనా వినపడితే, "ఏమప్పా, కండెలు అయిపోయినాయి, ఆ బిడ్డను పంపు" అని కేకేసేవాడు. అక్క బుట్టతో వచ్చి మా అవ్వ పక్కన కూర్చునేది. గంట దాకా మా అవ్వ ఆమెను కదలనిచ్చేది కాదు.

అయితే దీనికి ఒక నష్టం ఉంది. మగ్గాలను ఒక్కొక్కటిగా పద్ధతిగా చేత్తో ఆపితే ఏమీ కాదు, కానీ రెండోది ఆగేలోగా అవతల వాడు జాగ్రత్తపడతాడు. మెయిన్ కట్టేస్తే ఎక్కడున్నది అక్కడే నిలిచిపోయి, మళ్ళీ వేసినప్పుడు చీరకు అడ్డంగా సన్నని గీత పడుతుంది. గీత ఉన్న చీరను పేట షావుకారు పక్కన పడేస్తాడు. మా నాన్న విసుక్కునేవాడు. "ఊరోళ్ళ సంసారానికి మన చీరలు చెడగొట్టుకోవాల్నా?" మా తాతయ్య నవ్వేవాడు. "గీతలవన్నీ మీయమ్మ కట్టుకుంటుంది లేప్పా. దానికి ఎట్లాగూ కండ్లు ఆనవు."

నాకు పదమూడేళ్ళప్పుడు ఒక శనివారం యలహంకలో బంధువులు ఎవరో పోయారని తాతయ్య, అవ్వ, అమ్మ వెళ్ళారు. నాన్న నేసిన చీరలు తీసుకుని పేటకు వెళ్ళాడు. మొదటిసారి మగ్గాలు నా ఒక్కడి చేతిలో పెట్టారు. "గీత పడిందంటే మళ్ళా నిన్ను మగ్గం ముట్టనియ్యను" అన్నాడు నాన్న. తాతయ్య గడప దాటుతూ, "గంటకోసారి ఆపి వినరా, మరిచిపోవద్దు" అన్నాడు.

నేను మరిచిపోలేదు. మొదటి గంటకే లేచి స్విచ్ మీద చెయ్యి వేశాను. మగ్గం మీద చిలకపచ్చ చీర మచ్చ లేకుండా వస్తోంది. చెయ్యి తీసేశాను.

గోడకు మేకు మీద ఒక అద్దం ఉండేది. అది ఎప్పుడూ మగ్గం దెబ్బకు తగినట్టు వణికేది. మధ్యాహ్నం అది వేరేగా ఎగరడం చూశాను. గోడకు అరచెయ్యి ఆనించాను. కింద, నా మోకాలి ఎత్తున, అవతలి నుంచి ఎవరో కొడుతున్నారు. మూడు దెబ్బలు, కాస్త ఆగి మళ్ళీ మూడు. అదేమిటో నాకు అర్థం కాలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అర్థమైంది. ఆమె నేల మీద ఉంది, మగ్గం ఆపమంటోంది. నేను వెళ్ళి కండె మార్చుకున్నాను.

సాయంత్రం అక్క భర్త ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. కుడి మణికట్టు విరిగింది. బచ్చలింట్లో, స్నానం చేసేచోట, జారిపడిందన్నాడు. డాక్టరు నమ్మలేదేమో, మర్నాడు పొద్దున ఒక కానిస్టేబులు వచ్చాడు. అక్క కట్టు కట్టిన చేత్తో గడపలో కూర్చుని, చాలాసేపు గోడ కొట్టానని చెప్పింది. తాతయ్య నావైపు తిరిగాడు.

"ఆపినావా రా?"

"మూడుసార్లు ఆపినా తాతా. ఏమీ వినపళ్ళేదు."

అక్క నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. మనిషిని సరిగా గుర్తుపట్టలేనప్పుడు చూసినట్టు చూసింది. నిన్న మగ్గాలు ఆపి విన్నా ఏమీ వినపడలేదని తాతయ్య నా మాటే తన మాటగా చెప్పాడు. ఇంటి యజమానే ఏమీ లేదంటున్నాడని కానిస్టేబులు ఆమె మాట రాసుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం తాతయ్య చిలకపచ్చ చీర మడతపెట్టబోయి, కొస నుంచి కొస దాకా వేళ్ళతో తడిమాడు. మళ్ళీ ఒకసారి తడిమాడు. "గీత లేదే" అన్నాడు మెల్లగా. నన్ను కొట్టలేదు. చొక్కా వేసుకుని స్టేషనుకు వెళ్ళాడు. పూటకొక మాట చెబితే ఎట్లా అని అక్కడ కసిరి పంపారు. తిరిగి వచ్చేసరికి ఆ గది ఖాళీగా ఉంది. అక్క భర్త ఆమెను, సామాన్లను టెంపోలో వేసుకుని పోయాడు. గోడవార కండెల బుట్ట ఒకటే మిగిలింది. తాతయ్య ఎన్నో చోట్ల విచారించాడు. ఆమె ఏమైందో మాకు ఈ రోజుకూ తెలియదు.

మా తాతయ్య ఆ టెంపోవాడి పక్షాన అబద్ధం చెప్పాడని సందులో అన్నారు. పెళ్ళిళ్ళలో, చావుల్లో ఇప్పటికీ మా వాళ్ళలో ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. ఆయన పోయేదాకా ఆ మాట పడ్డాడు గానీ, అది మనవడు చెప్పిన మాట అని ఎవరితోనూ అనలేదు. ఆ అబద్ధం నాది. ఇది చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మగ్గాలు ఎప్పుడో అమ్మేశాం. ఇప్పుడు కుందలహళ్ళిలో ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. ఇంట్లో మిక్సీ గానీ వాషింగ్ మెషీన్ గానీ చాలాసేపు తిరిగితే లేచి వెళ్ళి ఆపేస్తాను. "మళ్ళీ ఆపేశారా?" అంటుంది మా ఆవిడ. ఒక్క నిమిషం అంటాను. పక్కింటి గోడకు చెయ్యి ఆనిస్తాను. నిలబడి ఆనించను. వంగి, మోకాలి ఎత్తున ఆనిస్తాను.