బండ సందులో బావ చెయ్యి

మొన్న ఒక పెళ్లికని వనపర్తిలో గద్వాల బస్సెక్కాను. జూరాల ప్రాజెక్టు కట్టమీదికి రాగానే బస్సు ఆగిపోయింది. గేట్లు ఎత్తుతున్నారట, చూడవచ్చిన జనంతో దారి నిండిపోయింది. ఇంతలో పెద్దగా సైరన్ మోగింది. అందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి సంబరంగా చూస్తుంటే, నేను మాత్రం ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకొని లేచి నిలబడ్డానట. కండక్టరు వచ్చి భుజం తట్టి, "ఏమైంది పెద్దాయనా, పానం బాగలేదా?" అని అడిగేదాకా నాకే తెలియలేదు. పైన మబ్బు తునక లేదు, ఎండ ఫెళ్లున కాస్తోంది, కింద ఎర్రనీళ్లు సుడులు తిరుగుతున్నాయి. ఎండలో ఎర్రనీళ్లు చూస్తే ఈ వయసులోనూ నా గుండె ఝల్లుమంటుంది. నా ఈడువాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్లకు చెప్పనక్కర లేదు, మా చిన్నప్పుడు కృష్ణమ్మ వస్తున్నానని ముందుగా ఎవరికీ కబురు పెట్టేది కాదు.

అవి నైజాము రోజులు. మేం నాగర్‌కర్నూల్లో ఉండేవాళ్లం. బడికి ఎండాకాలం సెలవులివ్వగానే అమ్మ నన్ను వెంటబెట్టుకొని ఎడ్లబండిలో పుట్టింటికి బయలుదేరేది. బిజినేపల్లి దాటి, వనపర్తిలో తెలిసినవాళ్ల ఇంట్లో పడుకొని, మళ్లీ తెల్లవారుజామున బండి కట్టించుకొని, ఒళ్లు హూనమైపోయాక ఎప్పటికో మా మేనమామ ఊరు చేరేవాళ్లం. గద్వాలకు ఎగువన కృష్ణ ఒడ్డునే ఉండేది ఆ ఊరు. ఇప్పుడు ఆ దూరానికి బస్సులో ఒక కునుకు తీసే లోపల దిగిపోతున్నాం. అప్పుడు మాత్రం ఆ ప్రయాణం తలచుకొంటేనే మా అమ్మకు నడుము నొప్పి మొదలయ్యేది. నాకు నొప్పీ లేదు, గిప్పీ లేదు, ఎప్పుడెప్పుడు ఏట్లో దిగుదామా అన్నదే ధ్యాస.

ఏట్లో దిగేది ముగ్గురం. నేను, మా మేనమామ కొడుకు, అంటే మా బావ, ఇంకొకడు ఆ ఊళ్లోనే గాజులమ్మేవారి ఇంటి అబ్బాయి. బావది పెద్ద రైతు కుటుంబం, మనిషి ఆరోగ్యంగా, ఎత్తుగా, ఎప్పుడూ ఏదో ఒక అల్లరి చేస్తూ ఉండేవాడు. గాజుల మిత్రుడు సన్నగా ఉండేవాడు గాని, నోరు మాత్రం బావకంటే రెండాకులు ఎక్కువే. గాజుల మలారం భుజాన వేసుకొని తండ్రితోపాటు ఊరూరా తిరిగి, ఆడవాళ్ల చేతులకు గాజులు తొడగడం అప్పటికే బాగా నేర్చుకొన్నాడు. బొటనవేలును అరచేతిలోకి మడిచి, కణుపుల దగ్గర కండను మెల్లగా నొక్కుతూ గాజును తిప్పి ఎక్కించేవాడు. ఎంత బిగువు గాజైనా చేతికి నొప్పి తెలియకూడదు. ఎవరైనా "అబ్బా" అంటే వాళ్ల నాన్న చేస్తున్న పని ఆపి, ఆ చేతిని కళ్లకద్దుకొని గాని మళ్లీ మొదలుపెట్టేవాడు కాదు. కొడుక్కీ అదే అలవాటు చేశాడు. బావ దాన్ని పట్టుకొని, "ఆడోళ్ల చేతులు వట్టుకునెటోనివి, చేపనేం వడతవురా" అని ఏడిపించేవాడు.

ఎండాకాలంలో కృష్ణ అంటే నడుమ ఎక్కడో ఒక పాయ, మిగిలినదంతా నల్లబండలు, ఆ బండల మధ్య మడుగులు. చిన్న పరిగెలకైతే గాలం చాలు. ఎర్రలు గుచ్చినా, నానబెట్టిన జొన్నరొట్టె ముద్ద గుచ్చినా ఇట్టే పడేవి. మా గురి వాటిమీద కాదు. మూతికి చిన్న మీసాలు, ఒంటినిండా పైసలంత పొలుసులు, నీళ్లలో ఎండ పడితే పసుపుపచ్చగా మెరిసే గండుచేప కావాలి మాకు. అది ఎండకు తాళలేక బండల కింది సందుల్లో దూరి కదలకుండా ఉంటుంది, గాలానికి రాదు. మునిగి, సందులో చెయ్యి భుజందాకా పెట్టి, పొట్ట కిందినుంచి నిమురుతూ పోయి, మొప్పల్లో వేళ్లు దూర్చి పట్టాలి. ఆ విద్యలో బావకు సాటి లేరు. పట్టాక ఒడ్డున మూడు రాళ్లు పెట్టి కుండలో పులుసు కాచే పని గాజుల మిత్రునిది, పొలుసు గీకడం నాది. జొన్నరొట్టెతో ఆ పులుసు తిన్న నాలుకకు తర్వాత ఏ హోటల్లోనూ చేప రుచించలేదంటే మా కోడలికి కోపం వస్తుంది గాని, నిజం అదే.

ఒక ఏడాది మేం అక్కడుండగానే మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజున చేప తినాలన్నది మా ప్రాంతంలో అందరికీ తెలిసిన ఆచారమే. మా అమ్మమ్మ మాత్రం పరిగెలు కుదరవు, గండుచేపే కావాలని పట్టుబట్టింది. ముగ్గురం పొద్దున్నే వెళ్లాం. జెల్లలు రెండు మూడు దొరికాయి, గండుచేప జాడ లేదు. ఆఖరికి ఒక పెద్ద బండ అంచున మడుగులోకి దిగి, బావ మోకాళ్లమీద వంగి, మెడదాకా నీళ్లలో ఉండి, కుడిచెయ్యి సందులో పెట్టాడు. కొంచెంసేపు వెతికి, ఒక్కసారిగా కేక పెట్టాడు. "దొరికిందిరా! అవ్వకు ఏడాదంత సరిపోయే చేప!"

చెయ్యి మాత్రం బయటికి రాలేదు. ఎప్పటి అల్లరే అనుకొని మేమిద్దరం నవ్వాం. గాజుల మిత్రుడైతే చేపే నిన్ను పట్టుకొన్నట్టుందని వెక్కిరించాడు. బావ నవ్వలేదు. చేపను వదిలేశానని చెప్పాడు. అయినా చెయ్యి రావడం లేదు. అప్పుడు తెలిసింది, అడ్డుపడింది కడియం. చిన్నప్పుడెప్పుడో మొక్కుకొని మా అమ్మమ్మే మనవడి చేతికి తొడిగిన వెండి కడియం అది. చెయ్యి పెరిగింది గాని, కడియం పెరగదు కదా. మణికట్టు దగ్గర తిరుగుతుందే తప్ప, కణుపులు దాటి రాదు. లోపలికి పోయేటప్పుడు ఏటవాలుగా జారిపోయి, ఇప్పుడు బండ చీలికలో అడ్డంగా ఇరుక్కుంది.

సరే, మెల్లగా తీద్దామనుకొంటూ ఉండగా నా కాళ్ల దగ్గర నీళ్లు చూశాను. అద్దంలా ఉన్న మడుగులోకి ఒక పక్కనుంచి ఎర్రటి చార పాకుతూ వస్తోంది. తలెత్తి చూస్తే ఎగువన పాయమీద నురుగు, దానిలో గడ్డీ గాదం. పైన ఎండ! ఒక్క చినుకు లేదు, ఎక్కడా ఉరుము లేదు! ఎక్కడో పడమటి కొండల్లో పడ్డ వాన కొత్తనీరై మా మీదికి వచ్చేసింది. ఇంత పొడి ఆకాశం కింద ఏరు పొంగుతుందని నా కళ్లతో చూస్తూ కూడా నమ్మలేకపోయాను.

బావ నిలబడదామంటే చెయ్యి కిందే ఉండిపోయింది. నీళ్లు మెడ దాటి గడ్డానికి వచ్చాయి. ఊరు దూరం, అరిచినా పలికేవాళ్లు లేరు. నేను వెనకనుంచి అతని గడ్డం కింద చేతులు పెట్టి, తల వెనక్కి వంచి పట్టుకొన్నాను. గాజుల మిత్రుడు మునిగి, తన సన్నటి చెయ్యి కూడా సందులోకి దూర్చి తడిమి చూసి పైకొచ్చాడు. "కడెం రాదు. చెయ్యే రావాలె" అన్నాడు. పక్క బండమీది చేపల బుట్టలోంచి జెల్లను తీసి, దాని ఒంటి జిగురంతా అరచేతుల్లోకి పిండుకొని మళ్లీ మునిగాడు. ఆ జిగురు బావ చేతికి పులిమి, గాజు విప్పినట్టే విప్పబోయాడు. రాలేదు. ఊపిరి పీల్చుకొని మళ్లీ మునిగాడు. మళ్లీ రాలేదు. బొటనవేలి మొదట్లో ఎముక అడ్డం పడుతోంది. నీళ్లు బావ కింది పెదవి తాకాయి. అంత మనిషి, "అమ్మా" అని చిన్నగా మూలిగాడు.

గాజుల మిత్రుడు పైకొచ్చి ఈసారి బావను చూడలేదు, నన్ను చూశాడు. "వాని మూతి పైకి వట్టు. ఏమైనా ఇడువకు" అన్నాడు. ఆ ముఖం నేనింతవరకు మరచిపోలేదు. మునిగాడు. చప్పుడేమీ నాకు వినబడలేదు. నా చేతుల్లో బావ ఒళ్లంతా ఒక్కసారి ఎగిరిపడింది, అతను పెట్టిన కేకకు నా చెవులు గింగురుమన్నాయి, మరుక్షణం మేమిద్దరం వెల్లకిలా నీళ్లలో పడ్డాం. చెయ్యి వచ్చేసింది.

ఎలా ఒడ్డెక్కామో తెలియదు. వెనక్కి తిరిగి చూస్తే మేమున్న బండ కనబడలేదు. బావ బొటనవేలు వెనక్కి వాలి, మొదలంతా ఉబ్బి నీలంగా మారింది. నొప్పి పడుతున్నవాడు ఆ చేతిని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఏడ్చింది గాజుల మిత్రుడు. ఇసుకలో పడి కక్కుకొని, రెండు చేతులూ ముందు పెట్టుకొని చూసుకొంటూ, "ఇరగ్గొట్టిన్రా, ఈ చేతులతోనే ఇరగ్గొట్టిన" అని వెక్కివెక్కి ఏడ్చాడు. "ఊకోరా, పానం పోలే గద" అని బావే అతన్ని ఓదార్చాడు. నాకు ఆ రోజు ఏరు ఎంత భయపెట్టిందో, చీమకు కూడా నొప్పి తెలియనివ్వని ఆ చేతులు అంత పని చేయగలవన్నదీ అంతే భయపెట్టింది.

కట్టు కట్టినా ఆ బొటనవేలు వంకరగానే అతుక్కొంది. గాజుల మిత్రుడు చాన్నాళ్లు మా మేనమామ ఇంటి గడప తొక్కలేదు, మలారంతో వాళ్ల నాన్నే వచ్చేవాడు. చివరికి బావే వెళ్లి చెయ్యి పట్టుకొని లాక్కొచ్చాడు. తర్వాతి ఎండాకాలాల్లోనూ చేపలకు వెళ్లాం, గాలాలతోనే. చేప పడేదాకా ఊరికే కూర్చోవాలి కదా, ఆ సమయంలో బావ వేలికి ఆముదం రాసి వంచి సాపుచేస్తూ, చెయ్యి ఎక్కడ మడవాలో, ఎక్కడ నొక్కితే ఎముక దారి ఇస్తుందో చెబుతూ ఉండేవాడు గాజుల మిత్రుడు. బావ తిరిగి అతని చేతిమీదే నేర్చుకొనేవాడు. చూస్తూ నవ్వుకొన్నానే గాని, అది ఎక్కడికి దారితీస్తుందో నాకేం తెలుసు.

నాకు నాగర్‌కర్నూల్లోనే కొలువు దొరికింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఏటికి వెళ్లడం తగ్గిపోయింది. జుట్టు నెరిసిన చాలా ఏళ్లకు గాజుల మిత్రుడు పోయాడని కబురొస్తే వెళ్లాను. దినాలనాడు కృష్ణ ఒడ్డునే, ఆడవాళ్లంతా అతని భార్యను మధ్యలో కూర్చోబెట్టి గాజులు పగలగొట్టడానికి రాయి తీశారు. అవి అతను తొడిగిన గాజులే. మగవాళ్లం దూరంగా, ముఖాలు తిప్పుకొని నిలబడ్డాం. నా పక్కనున్న బావ ఉన్నట్టుండి నడుచుకొంటూ ఆ ఆడవాళ్ల మధ్యకు వెళ్లిపోయాడు. "ఆగుండ్రి. రాయి కింద వెట్టుండ్రి" అన్నాడు. ఊరంతా నిర్ఘాంతపోయింది. ఎన్నడైనా విన్నామా, కన్నామా, ఒక మగవాడు వెళ్లి అక్కడ కూర్చోవడం!

"చెల్లె, చెయ్యి ఇయ్యి. నేను తీస్త" అన్నాడు. ఆమె ఇచ్చింది. నీళ్లతో తడిపి, సబ్బు రాసి, ఆమె బొటనవేలును అరచేతిలోకి మడిచి, తన వంకరవేలితో నొక్కుతూ ఒక్కొక్క గాజూ తీశాడు. ఒక్కటి చిట్లలేదు, ఎక్కడా గీరుకోలేదు, ఆమె ఒక్కసారీ "అబ్బా" అనలేదు. అన్నీ ఆమె ఒళ్లో పెట్టాడు. కాదన్నవాళ్లు లేరు. నాకు కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి.

ఆమె ఆ గాజులను ఒకసారి చేత్తో నిమిరింది. తర్వాత తలెత్తి నెమ్మదిగా అడిగింది. "పలగకుంట తీసినవు అన్నా, మంచిగ తీసినవు. గని, తియ్యకుంట ఉంటే ఏమైతుండె?"

అంత ధైర్యం చేసిన బావ తలవంచుకొని లేచి వచ్చాడు. ఆ సాయంత్రం నాతో, "నీళ్లు మూతికాడికొచ్చిన నాడు గూడ నాకు గంత భయం కాలే" అన్నాడు.

ఇప్పుడు బావ లేడు, ఆమె కూడా బోసి చేతులతోనే వెళ్లిపోయింది. మేం తిరిగిన బండలన్నీ ప్రాజెక్టు నీళ్ల అడుగున ఉన్నాయి, బజారులో చెరువు చేపలు దొరుకుతున్నాయి, మెత్తగా, ఏ రుచీ లేకుండా. కాలం చాలా తీసుకుపోయింది, సరే. కాని మా వీధి చివర ఒకమ్మాయి ఉంది, నిరుడు భర్త పోయాడు. రోజూ పొద్దున చేతినిండా గాజులతో బస్సెక్కి కొలువుకు వెళ్తుంది, ఎవరూ తల తిప్పి చూడరు. నేను మాత్రం అరుగుమీద కూర్చొని ఆమె బస్సెక్కేదాకా చూస్తాను. ఆ రోజు ఏటి ఒడ్డున అంతమందిమి ఉండీ, ఏమీ అయ్యేది కాదమ్మా అని ఒక్కరమైనా చెప్పలేకపోయామే అని ఏడుపొస్తుంది.