మెడ కింది టేపు

ఆసుపత్రిలో ఆమెను అందరూ ఆగమ్మ అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదది. స్కానింగ్ గదిలో ఇరవై రెండేళ్లుగా బొమ్మలు తీస్తూ, హడావిడి పడే ప్రతివాళ్లనూ "కాస్త ఆగండి" అంటూ ఉండడం వల్ల అతుక్కున్న పేరు. మొదట్లో చాటున అనేవాళ్లు, ఇప్పుడు ముఖం మీదే అంటున్నారు. ఆమె కూడా పలుకుతుంది.

ఆగిన గుండెను మళ్లీ కొట్టుకునేలా చేసి ఎవరినో తెస్తున్నారని అంబులెన్సు నుంచి కబురొస్తే చాలు, ఆమె స్కాన్ బల్ల మీద ఉతికిన దుప్పటి పరిచి, తలుపు బార్లా తెరిచి గుమ్మంలో నిలబడుతుంది. ఎవరూ చెప్పిన పని కాదు. పదేళ్ల కిందట ఒకాయనకు గుండెపోటే అనుకుని రక్తం పలచబరిచే ఇంజెక్షన్ ఇచ్చేశారు. తర్వాత తీసిన తల స్కాన్‌లో రక్తం తెల్లగా పరుచుకుని కనిపించింది. మెదడులో నరం చిట్లడం వల్ల ఆగిన గుండె అది. ఇంజెక్షన్ పడ్డాక ఆ రక్తం ఇక ఆగలేదు, మనిషీ దక్కలేదు. ఆ బొమ్మ ఆమె కళ్లముందు నుంచి ఇప్పటికీ పోలేదు.

ఆ మధ్యాహ్నం తెచ్చింది గేటు ఎదుటి దుకాణంలోని దర్జీని. ఇక్కడివాళ్లు తొడుక్కునే తెల్లకోట్లన్నీ ఆయన కుట్టినవే. గుండె గ్రాఫు చూస్తే అచ్చం గుండెపోటే. గుండె డాక్టరు మంచివాడే గాని, కాలు కాలిన పిల్లిలా తిరుగుతాడు. నర్సు చేతిలో అదే ఇంజెక్షన్ సిద్ధంగా ఉంది. ఆగమ్మ స్ట్రెచర్‌కు అడ్డంగా నిలబడింది.

"ఆగమ్మగారూ, ఇవాళ దారి వదలండి. గుండె మళ్లీ ఆగితే మీరు తెస్తారా?" అన్నాడు డాక్టరు.

"నేను తేలేను. తల స్కాన్‌కు ఐదు నిమిషాలివ్వండి చాలు," అని ఆమె, స్ట్రెచర్ వెంట పరుగెత్తుకొచ్చిన దర్జీ భార్య వైపు తిరిగింది. "పడిపోయే ముందు ఏమన్నారమ్మా మీ ఆయన?"

"తల పగిలిపోతోందన్నారండి. సూది పక్కన పెట్టి రెండు చేతుల్తో తల పట్టుకున్నారు. ఛాతీ ఊసే ఎత్తలేదు."

డాక్టరు నర్సుకు ఆగమని సైగ చేశాడు. ఇంజెక్షన్ ట్రేలోకి, స్ట్రెచర్ స్కాన్ గదిలోకి వెళ్లాయి.

బల్ల మీద తల సర్దుతుంటే మెడ కింద కొలతల టేపు ఇరుక్కుని కనిపించింది. దాని చివర్న ఇత్తడి ముక్క. లోహం ఉంటే బొమ్మ పాడవుతుంది. ఆమె టేపు లాగి కోటు జేబులో కుక్కుకుని, బయటికి వచ్చి మీట నొక్కింది.

తెర మీద మళ్లీ అదే తెలుపు. కానీ ఇంజెక్షన్ ఇంకా ట్రేలోనే ఉంది. ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఎంత పని చేయబోయానక్కా," అన్నాడు డాక్టరు. అంతవరకూ ఆమెను ఎప్పుడూ అక్కా అనలేదు. వెంటనే మెదడు డాక్టరును పిలిపించాడు.

రోగి ఒంటి మీద తీసినవి కవరులో పెట్టి ఇంటివాళ్లకివ్వడం ఆమెకు అలవాటు. ఆ రోజు టేపు సంగతే మరిచింది. సాయంత్రం జేబులో చెయ్యి పెడితే తగిలింది. లోపల ఆపరేషన్ జరుగుతుంటే ఆయన వస్తువు భార్య చేతిలో పెట్టడానికి చేతులు రాలేదు. ఇస్తే ఆయనకే ఇస్తానని మొండికేసి, రోజూ జేబులోనే మోసింది.

ఆరో రోజు దర్జీ కళ్లు తెరిచాడు. భార్యను గుర్తుపట్టాడు కూడా. అయినా ఆవిడ ముఖం వాడిపోయే ఉంది.

"ఎన్ని వేళ్లంటే చెప్పడం లేదండీ. అంకెలు రాకపోతే దర్జీ ఏం చేసుకు బతుకుతాడు?"

పంతొమ్మిదో రోజు ఆయన లేచి కూర్చున్నాడని విని, ఆగమ్మ వార్డుకెళ్లి టేపు ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని వేళ్ల మధ్య మెల్లగా జార్చి చూసుకుని, ఆమెను ఎగాదిగా చూశాడు.

"కోటు భుజం జారుతోంది. ఎవరు కుట్టారు?"

"మీరే."

"అయితే మీరే చిక్కిపోయారు. తిరగండి."

ఆమె మంచం అంచున కూర్చుని వీపు తిప్పింది. టేపు ఈ భుజం నుంచి ఆ భుజానికి, ఆగి ఆగి పాకింది. భార్య ఊపిరి బిగబట్టింది.

"పద్నాలుగున్నర," అన్నాడు దర్జీ.

భార్య వంగి చూసింది. పద్నాలుగున్నరే. ఏడుస్తూ, నవ్వుతూ, కొలత రాసుకోవడానికి చీటీ కోసం సంచంతా వెతికింది. ఆగమ్మకు కూడా కళ్లు నిండాయి. అవి కనబడకుండా గబగబా లేవబోయింది.

"కాస్త ఆగండి," అన్నాడు దర్జీ. "ఇంకా చెయ్యి కొలవాలి."

ఆమె బుద్ధిగా చెయ్యి చాపి కూర్చుంది.