వరండా లైటు డ్యూటీ

మా ఇంటి వరండా లైటు ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో ఆర్మూర్‌లో ఆ ఇంట్లోనే ఉన్న నా చేతిలో ఉండేది కాదు. సౌదీలో ఉన్న మా ఆయన చేతిలో ఉండేది. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

ఆయన అక్కడ ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్. పెద్ద పెద్ద విల్లాల్లో స్మార్ట్ లైట్లు బిగించడం, మొరాయిస్తే బాగుచేయడం ఆయన పని. ఫోన్‌లో ఒకటి నొక్కితే హాల్లో వెలుతురు తగ్గి పడుకునే వేళ అయినట్టు ఉంటుందట, ఇంకొకటి నొక్కితే ఇంటి చుట్టూ దీపాలు వెలుగుతాయట. వాటిని సీన్లు అంటారని ఆయనే చెప్పాడు. ఎప్పుడు మాట్లాడినా ఆ సీన్ల ముచ్చటే. వాళ్ల ఇళ్లల్లో ఉన్నది మన ఇంట్లో ఎందుకు ఉండకూడదని పట్టుదల. మా ఇంటికి అప్పటికి బయట గోడలకు సున్నం కూడా పడలేదు. ఆ ఇల్లు కట్టించింది నేను. మేస్త్రీతో కొట్లాడింది నేను, ఎండలో నిలబడి గోడలకు నీళ్లు కొట్టింది నేను. ఆయన వాట్సాప్‌లో ఫొటోలు చూసి బొటనవేలు బొమ్మ పెట్టాడు.

సెలవు మీద వచ్చినప్పుడు ఆయన బ్యాగులోంచి సెంటు సీసాలతో పాటు బల్బుల డబ్బాలు, అరచేయంత కంట్రోలర్లు దిగాయి. ఉన్న కొద్ది రోజుల్లో సగం నిచ్చెన మీదే గడిపాడు. బిడ్డ కింద నిలబడి నాన్నా అని పిలిస్తే, "జర ఆగు బిడ్డా, గీ వైరొక్కటి పట్టిచ్చి దిగుత" అనేవాడు. దిగేసరికి అది నిద్రపోయేది.

మా అత్తకు ఒక అలవాటు ఉంది. బయటికి పోయేటప్పుడు, ఉరుము ఉరిమినప్పుడు, ఊరికే గుర్తొచ్చినప్పుడు కూడా గోడ మీది స్విచ్చులన్నీ బంద్ చేస్తుంది. స్విచ్చు బంద్ చేస్తే స్మార్ట్ బల్బుకు ఇక ఫోన్ మాట వినపడదు. రెండు మూడుసార్లు చెప్పి చూసి, ఆయనకు విసుగొచ్చి హాల్లోవీ వరండాలోవీ స్విచ్చులు పీకేసి, ఆ చోట ఖాళీ ప్లేట్లు బిగించేశాడు.

"ఇగ ఎవ్వరు ముట్టుకునే పని లేదు," అన్నాడు. "రోజు సందెకు నేనే అక్కడికెంచి ఎలిగిస్త. మల్ల సెలవుకు వచ్చినప్పుడు సూడు, నేను గేటు కాడికి రాంగనె ఇల్లంత దానంతట అదే ఎలుగుతది. నేను పోతె బందైతది."

"మరి మేము?"

"మీరు యాడికి పోతరే? ఇంట్లనే ఉంటరు గద."

నాకు అప్పుడే ఒళ్లు మండింది. కానీ ఆయన మర్నాడు విమానం ఎక్కాలి. వెళ్లే మనిషితో గొడవెందుకని ఊరుకున్నాను. ఆ సాయంత్రం ఆయన హడావిడిగా రెండు సీన్లు పెట్టాడు. ఒకదానికి 'వచ్చిన' అని, ఇంకొకదానికి 'పోయిన' అని పేరు. అవి పనిచేస్తున్నాయో లేదో చూసుకునే తీరిక లేదు. నా ఫోన్‌లో కూడా పెట్టమంటే జాగా లేదు, తర్వాత చూద్దామన్నాడు.

ఆయన వెళ్లాక మా తిప్పలు మొదలయ్యాయి. సందె వేళ ఇల్లు చీకటిగా ఉండేది. డ్యూటీలో ఫోన్లు ముట్టనివ్వరని, అక్కడినుంచి వెలిగిస్తానన్న మనిషికి అప్పుడు గుర్తు రాలేదు. నేను, అత్త, బిడ్డ ముగ్గురమూ వంటింట్లో ట్యూబులైటు కింద కూర్చునేవాళ్లం. అది పసుపు కాలం. తెచ్చిపెట్టుకున్న పసుపును హాల్లో పోసుకుని, పొడుగు కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి గోళలు ఒక పక్కకు ఏరాలి. చీకట్లో ఏం ఏరతాం? మూటంతా వంటింట్లోకి లాక్కొచ్చి పొయ్యి పక్కన ఏరుకునేవాళ్లం. తిని చేతులు కడుక్కునే వేళకు ఉన్నట్టుండి హాలు, వరండా భగ్గున వెలిగేవి. ఇక తెల్లవార్లూ ఆరేవి కావు. హాల్లో పడుకునే అత్త కళ్ల మీద తువాల కప్పుకునేది. పొద్దున బిడ్డ బడికి తయారయ్యే వేళకు అన్నీ ఒక్కసారిగా ఆరిపోయేవి. శుక్రవారాలు మాత్రం పగలంతా వెలుగుతూనే ఉండేవి.

ఇరుగుపొరుగు ఊరుకుంటారా? కొత్తింట్లో ఏదో ఉన్నదన్నారు. అత్త గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టించింది. నేను ఫోన్ చేసి ఆయనతో చెబితే నెట్ సరిగా లేదన్నాడు, వైఫై డబ్బా ఆపి మళ్లీ పెట్టమన్నాడు, ఆఖరికి నువ్వే ఏదో ముట్టుకుని ఉంటావన్నాడు. ముట్టుకోవడానికి గోడ మీద ఏం మిగిల్చాడని?

మార్కెట్ యార్డు దగ్గర కరెంటు పనులు చేసే ఒక భాయ్‌ని పిలిపించాను. పాపం, అతను రెండు పూటలు కష్టపడ్డాడు. వైర్లు చూశాడు, ఫ్యూజులు చూశాడు, ఒక కంట్రోలర్ విప్పి మళ్లీ మూశాడు. "వైరింగ్ బరాబర్ ఉన్నది అక్కా. గడ్‌బడ్ అంత ఫోన్లనే ఉన్నట్టుంది. భయ్యాకు చెప్పి నీ ఫోన్ల గూడ పెట్టిచ్చు, జర సూస్త," అన్నాడు. ఈసారి ఫోన్‌లో మా ఆయన మీద నేను గొంతు పెంచాల్సి వచ్చింది. నా ఫోన్‌లోని పెళ్లి వీడియోలు తీసేసి జాగా చేశాను. ఆయన అక్కడినుంచి ఏదో పంపాడు. మా ఇంటి లైట్లు మొదటిసారి నా ఫోన్‌లో కనిపించాయి. చూడ్డానికే. మార్చడానికి నాకు అధికారం లేదు.

భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఒకచోట ఆగి, నా వైపు వింతగా చూశాడు. ఇల్లు ఎక్కడుందో చూపించే మ్యాపు అది. చుట్టూ ఇసుక రంగు, గీతల్లాంటి రోడ్లు, మధ్యలో ఇల్లు బొమ్మ. పక్కన ఆర్మూర్ లేదు, మోర్తాడ్ లేదు, హైవే లేదు.

"అక్కా, గిది సౌదీ."

సంగతి అప్పుడు తేలింది. బల్బులు పనిచేస్తున్నాయా లేదా అని ఆయన ముందుగా అక్కడ కంపెనీ క్యాంపులో తను ఉండే గదిలోనే పెట్టి చూసుకున్నాడు. ఇల్లు ఎక్కడ అని ఫోన్ అడిగితే ఆ గదినే చూపించాడు. ఇక్కడికి వచ్చి బిగించాక దాన్ని మార్చడం మరిచిపోయాడు. అందుకే ఆయన జేబులో ఫోన్‌తో డ్యూటీ నుంచి క్యాంపుకు చేరగానే 'వచ్చిన' సీను నడిచి ఇక్కడ మా ఇల్లు వెలుగుతోంది. పొద్దున ఆయన కంపెనీ బస్సెక్కగానే 'పోయిన' సీను నడిచి ఇక్కడ ఆరిపోతోంది. శుక్రవారాలు మాత్రం పగలంతా ఎందుకు వెలుగుతున్నాయో కూడా అప్పుడే అర్థమైంది. శుక్రవారం ఆయనకు సెలవు, గదిలోనే ఉంటాడు.

భాయ్ నవ్వాడు. నేను నీళ్లు కొట్టి పెంచిన గోడలు ఇల్లు కాదట. పదిమంది పడుకునే ఆ క్యాంపు గది ఇల్లట. ఫోన్‌లో అదే మాట ఆయనను అడిగాను. "అరె, చిన్న మిష్టేక్ గదనే. తీరికున్నప్పుడు మారుస్త," అన్నాడు. ఆ తీరిక ఆయనకు దొరకలేదు. నేను ఆగలేదు. భాయ్‌తో హాల్లోవి పీకించి, మామూలు ట్యూబులైట్లు, మామూలు స్విచ్చులు పెట్టించాను. వరండాది కూడా తీయబోతుంటే అత్త అడ్డుపడింది.

"అదొక్కటి ఉండనియ్యి బిడ్డా. నా కొడుకు రూంకొచ్చింది, పోయింది దాన్ల ఎరుకైతది."

అలా వరండా లైటు మిగిలింది. సందె దీపం వెలగగానే దండం పెట్టుకోవడం అత్తకు అలవాటు. ఇప్పుడు ఆమె సందె రాత్రికి జరిగింది. తినడం అయ్యాక వరండాలో కూర్చుని, లైటు వెలగగానే రెండు చేతులు జోడించి, "వచ్చిండు" అనేది. కాసేపు ఆలస్యమైతే బస్సు దొరకలేదేమో అనేది. నేను ఎగతాళి చేసేదాన్ని కానీ, నిజం చెప్పాలంటే వంటింట్లోంచి నా చెవి కూడా ఆ మాట మీదే ఉండేది. ఆయన ఫోన్‌లో చెప్పే పది మాటల కంటే ఆ లైటు మీద నాకు నమ్మకం ఎక్కువ. దానికి గొప్పలు చెప్పుకోవడం రాదు.

అలా కొన్ని నెలలు గడిచాక ఒక సోమవారం లైటు ఆరలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మంగళవారం కూడా ఆరలేదు. పక్కింటామె గోడ మీదినుంచి, "పట్టపగలు లైటెందుకే, బిల్లు ఎక్కువొస్తలేదా?" అంది. మధ్యాహ్నం ఫోన్ చేశాను. ఆ వేళప్పుడు ఆయన ఎప్పుడూ ఎత్తడు. ఆ రోజు వెంటనే ఎత్తాడు.

"యాడున్నవ్?"

"డ్యూటీల ఉన్న. విల్లాల పని నడుస్తుంది, సాయంత్రం చేస్త."

వెనక కుక్కర్ విజిల్ వినిపించింది. నా నెత్తి మీద లైటు వెలుగుతూనే ఉంది.

మాకు ఈ సంగతులు కొత్త కావు. మా గల్లీలోనే కంపెనీ మూతపడి, చెప్పుకోలేక నెలల తరబడి గదిలో కూర్చుని వచ్చినవాళ్లున్నారు. నాకు అర్థం కావడానికి ఇంకేమీ అక్కర్లేదు. నేను కోరుకున్నది ఒక్కటే. ఆయన నోటితో ఆయన నాకు చెప్పాలి. 'పని పోయిందే' అని రెండు మాటలు. దానికి నా జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. వచ్చెయ్, ఇక్కడ కూడా కరెంటు పని ఉన్నది, జక్రాన్‌పల్లి దాకా కొత్త ఇళ్లే లేస్తున్నయి అని. గిన్నెలు తోముతూ, పసుపు ఏరుతూ ఆ మాటను ఎన్నిసార్లు మనసులో చెప్పుకున్నానో లెక్కలేదు. కోపంగా చెప్పకూడదు, ఏడుపు గొంతుతో చెప్పకూడదు అని కూడా అనుకున్నాను.

రోజులు గడిచినా ఆయన చెప్పలేదు. రోజూ డ్యూటీ ముచ్చట్లే చెప్పాడు. ఏ విల్లాలో ఏ కంట్రోలర్ మొరాయించిందో, సూపర్‌వైజర్ ఏమన్నాడో. నేను ఊఁ కొట్టాను. ఇక ఉండబట్టలేక ఒకరోజు, నాకు తెలుసని ఆయనకు తెలిసేలా, "వరండ లైటు పగలు గూడ బందైత లేదు," అన్నాను.

ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను.

"నెట్ గడ్‌బడ్ కావచ్చు. సూస్త," అన్నాడు.

మర్నాడు పొద్దున లైటు ఆరిపోయింది. అత్త సంబరపడింది. నేనూ పడ్డాను, పిచ్చిదాన్ని. పని దొరికి ఉంటుంది, అందుకే చెప్పలేదేమో, నేనే తొందరపడ్డానేమో అనుకుని ఆ పూట సేమియా పాయసం వండాను. ఆ రాత్రి లైటు వేళకు వెలిగింది. తర్వాతి పొద్దున కూడా ఆరింది. టీవీలో వార్తలు మొదలయ్యే క్షణానికి సరిగ్గా. ఇంతకుముందు కంపెనీ బస్సును బట్టి ఒకరోజు ముందు, ఒకరోజు వెనక ఆరేది. ఇప్పుడు ఆ తేడా లేదు. ఆ సంగతి గమనించి కూడా గమనించనట్టే ఉన్నాను.

శుక్రవారం వచ్చింది. వార్తలు మొదలయ్యాయి. లైటు ఆరిపోయింది.

నేను ఫోన్ తెరిచి చూశాను. 'వచ్చిన', 'పోయిన' సీన్లు రెండూ ఆపేసి ఉన్నాయి. వాటి కింద కొత్త సీను ఒకటి, పక్కన గడియారం బొమ్మ. పొద్దున ఆరడానికి ఒక టైము, రాత్రి వెలగడానికి ఒక టైము, రోజూ అని. నాకు చూసే అధికారం ఇచ్చాడని కూడా మరిచిపోయాడు. శుక్రవారాన్ని తీసెయ్యడం మరిచిపోయాడు. పనికి పోయేవాడికైతే శుక్రవారం గుర్తుంటుంది.

'పని పోయింది' అని నాతో చెప్పడం కంటే ఇంత పని చేయడం ఆయనకు తేలికైంది. ఆ సంగతే నన్ను కాల్చింది. పని పోయినందుకు నాకు కోపం లేదు, ఒట్టు.

అత్త వరండాలోంచి పిలిచింది. "ఇయ్యాల శుక్రారం గదనే, లైటు బందైందేంది? వానికి సెలవు లేదా?"

నిజం నోటి దాకా వచ్చింది. గుమ్మంలో నిలబడి ఆమె మొహం చూశాను.

"ఓవర్‌టైమట అత్తా," అన్నాను.

"మస్తు కష్టపడుతుండు నా కొడుకు," అంది. రాత్రి లైటు వెలిగినప్పుడు చేతులు జోడించి, "వచ్చిండు, ఎంత అలిసిపోయిండో," అంది.

కాసేపటికి ఆయన ఫోన్ వచ్చింది. ముందుగా అడిగింది అదే. "లైటు ఇప్పుడు మంచిగ పనిచేస్తుందా?"

నేను సిద్ధం చేసి పెట్టుకున్న జవాబు అలాగే ఉంది. దాన్ని చెప్పాలంటే ముందు ఆయన ఆ రెండు మాటలు అనాలి.

"మంచిగ పనిచేస్తుంది," అన్నాను.