నోళ్లు చూసే మనిషి

ఎవరైనా మాట్లాడబోతే సోమలింగం ముందు బొటనవేలితో, చూపుడువేలితో కనురెప్పలు తుడుచుకుంటాడు. తర్వాత ఎదుటివాడి నోటివైపు చూస్తాడు. కళ్లలోకి చూడడు. తెలుగునేల వదిలి వచ్చి ముప్ఫై ఏళ్లుగా లింబాయత్‌లో పవర్‌లూమ్ మగ్గాల మధ్య నిలబడ్డవాడి అలవాటు అది. రెప్పల మీద పోగుల దుమ్ము పేరుకుంటుంది. చప్పుడులో మాట వినపడదు. షెడ్డులో అందరూ పెదవులతోనే మాట్లాడుకుంటారు, నాలుగు మగ్గాల అవతల ఉన్నవాడితో కూడా. తెలుగైనా హిందీ అయినా, పెదవి కదిలితే చాలు, సోమలింగానికి మాట అందుతుంది.

అందుకే చెవులు పోయిన సంగతి అతనికి తెలియలేదు.

నిరుడు దగ్గు పట్టుకుంది. నవాగామ్‌లో అతనుండే గల్లీ చివర ఒక ప్రైవేటు ఆస్పత్రి ఉంది. అక్కడి డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఒక్కసారి ఎత్తి చూసి "టీబీ" అన్నాడు. తెల్లటి పళ్లు, నాలుక కింద పుదీనా బిళ్ల. ఉమ్మి పరీక్ష చేయించలేదు. రోజుకొకటి చొప్పున అరవై సూదులు వేయించాడు. నలభయ్యో సూది నాటికి సోమలింగం నడుస్తూ నడుస్తూ పక్కకు తూలేవాడు. ఆ మాట చెబితే డాక్టరు గుడ్లు తినమన్నాడు.

సూదులు అయిపోయిన వారానికి కరెంటు సెలవు వచ్చింది. షెడ్లన్నీ ఆగాయి. గల్లీలో నిలబడి అందరూ టీ తాగుతున్నారు. పక్క మగ్గం సంపత్ తలెత్తి నవ్వాడు. తీగ మీద చిలుక అరుస్తోందన్నాడు. సోమలింగం చిలుక నోరు చూశాడు. అది తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. అంతే.

"ఏంది మామా, చెవుల దూది పెట్టుకున్నవా?" అన్నాడు సంపత్.

పెద్దాస్పత్రిలో ఉమ్మి పరీక్ష చేశారు. పాత ఎక్స్‌రే కూడా చూశారు. అది టీబీ కాదు, ఊపిరితిత్తుల్లో చేరిన మగ్గాల దుమ్ము అన్నారు. చెవులు చూసిన డాక్టరమ్మ కాగితం మీద హిందీలో రాసి చూపించింది: ఇది సూదుల వల్లే అనిపిస్తోంది, పోయిన వినికిడి ఇక రాదు. సోమలింగం ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకే పని చేసేవాడైనా ఇరవయ్యో సూదికే చెవుల తేడా కనిపెట్టి ఆపించేవాడు. తాను మాత్రం చెయ్యి చాపి అరవయ్యీ వేయించుకున్నాడు.

అతని భార్య భాగీరథి ఊరుకోలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు తీసుకుపోయింది. వకీలు లేకపోయినా ఎవరి కేసు వాళ్లే చెప్పుకోవచ్చని కిటికీ దగ్గర గుమాస్తా చెప్పాడు. ఆమెకు ధైర్యం చాలలేదు. మనవాడు కదా అని నరేశ్ దగ్గరికి వెళ్లింది. నరేశ్ తండ్రి కూడా ఒకప్పుడు మగ్గం నడిపినవాడే. కొడుకును మాత్రం ఆ చప్పుడు దరిదాపులకు రానివ్వకుండా చదివించి వకీలును చేశాడు.

ఆస్పత్రి జవాబు ఒక్క ముక్క. ముప్ఫై ఏళ్ల మగ్గాల మోతకే చెవులు పోయాయి.

"మరి ఆ సంపత్‌గాడు గూడ ముప్ఫయేండ్ల నుంచి పక్క మగ్గమే గదా?" అంది భాగీరథి. "ఫోన్ మోగితే దిగ్గున లేస్తడు."

"ఆ మాట నడువది చిన్నమ్మా. ఆస్పత్రి ఫైలు బయటికి రావాలె," అన్నాడు నరేశ్. "ఉమ్మి పరీక్ష చెయ్యకనే సూదులు పొడిసిండ్రని అండ్లనే తేలుతది. ఫైలు తెప్పియ్యమని అర్జీ పెట్టిన. జర ఓపిక పట్టుండ్రి."

ఏడు నెలలుగా అదే మాట.

ఆ రోజు వాయిదాకు ఆస్పత్రి వకీలు అనుమతి అడిగి సోమలింగాన్ని ముందుకు పిలిపించాడు. గుట్కా నమిలి నమిలి ఎర్రబారిన నోరు. పళ్ల సందుల్లో వక్క ముక్కలు. కింది పెదవి మూలన ఎండిన నురగ. సోమలింగం రెప్పలు తుడుచుకున్నాడు. ఆ నోటినే చూడాలి. మరో దారి లేదు.

పేరేమిటని అడిగాడు వకీలు హిందీలో. సోమలింగం చెప్పాడు. ఎన్ని మగ్గాలు నడుపుతావంటే ఎనిమిదన్నాడు. పొద్దున ఏం తిన్నావంటే రొట్టె అన్నాడు.

వకీలు కమిషన్ అధ్యక్షుడి బల్లవైపు తిరిగాడు. ఇప్పుడు వీపు మాత్రమే కనిపిస్తోంది. వెనక బెంచీల మీద ఒకరిద్దరు నవ్వారు. సోమలింగం తిరిగి భాగీరథిని చూశాడు. ఆమె లేచి నిలబడి ఉంది.

"అన్నీ ఇనవడుతున్నయంట నీకు! నోటికి కాగితం అడ్డం పెట్టుకొని అడుగుమను! నరేశూ, చెప్పవేంది?"

నరేశ్ ఆమెను కూర్చోమని చేత్తో సైగ చేశాడు. చెప్పేదేమైనా ఉందా అని అధ్యక్షుడు అతన్ని అడిగాడు. ఇంకో తేదీ ఇప్పించమన్నాడు నరేశ్.

బయట వరండాలో భాగీరథి నీళ్లు తాగడానికి వెళ్లింది. సోమలింగం గోడకు ఆనుకున్నాడు. వరండా ఆ చివర టీ బండి దగ్గర ఇద్దరు వకీళ్లు నిలబడి ఉన్నారు. మధ్యలో పదిహేను గజాల దూరం, జనం, గోల. సోమలింగానికి అది నాలుగు మగ్గాల దూరం. గోలతో పనే లేదు.

ఇంకా ఎన్నాళ్లు లాగుతావని ఎర్రనోటి వకీలు అడిగాడు.

"రెండు మూడు తేదీలు," అన్నాయి నరేశ్ పెదవులు హిందీలో. "చెవిటివాడు. అలిసిపోతాడు. ఏదో ఒకటి ఇచ్చి సంతకం పెట్టించుకుందాం."

"కమిషన్ ఆ ఫైలు అడిగితే?"

"అడగనిదే ఎలా వస్తుంది? నేను అర్జీ పెడితే కదా అడిగేది."

నరేశ్ టీలో బిస్కెట్ ముంచి నోట్లో వేసుకున్నాడు. మెత్తబడిన పిండి నాలుక మీద కనిపించింది. అది మింగుతూనే నవ్వాడు.  సోమలింగం ముప్ఫై ఏళ్లలో ఎన్నో నోళ్లు చూశాడు. గుట్కావి, బీడీవి, ముందురోజు తాగినవి. వాటిని చూస్తూ అన్నం తిన్నాడు కూడా. ఇప్పుడు మాత్రం తల గోడవైపు తిప్పుకున్నాడు.

కాసేపటికి నరేశ్ మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇయ్యాల మంచిగనే నడిసింది కాకా. మన అర్జీకి నంబరు గూడ పడ్డది."

సోమలింగం ఆ నోటినే చూస్తూ నిలబడ్డాడు. 

షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాక భాగీరథికి చెప్పాడు. ఆమె అతని మోకాలు తట్టి తన వైపు తిప్పుకుంది.

"గంత దూరంకెళ్లి? సరిగ్గ చూసినవా?"

"ముప్ఫయేండ్లల్ల ఒక్క మాట తప్పు చూసిన్నా?"

ఆమె ఆటో బయటికి ఉమ్మేసింది. "పద్మశాలి బిడ్డె గదా అని పోయిన. థూ!"

మరునాడు పొద్దున సోమలింగం షెడ్డుకు పోలేదు. నరేశ్ ఆఫీసు తెరిచే వేళకు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి వెళ్లి, "నా కాగితాలు ఇయ్యి. తప్పుకుంటున్ననని రాసియ్యి," అన్నాడు. రెప్పలు తుడుచుకోలేదు. బల్ల మీది ఫైలునే చూస్తూ నిలబడ్డాడు. నరేశ్ చెయ్యి గాలిలో చాలాసేపు ఆడింది. ఏదో చెబుతూ ఉండాలి. సోమలింగం తల ఎత్తలేదు. చివరికి ఆ చెయ్యి సంతకం పెట్టి ఫైలును ముందుకు తోసింది.

అక్కణ్ణించి కమిషన్ పక్క గల్లీలో జెరాక్స్ దుకాణానికి వెళ్లి రెండు అర్జీలు టైపు చేయించాడు. ఆస్పత్రి నుంచి తన ఫైలు తెప్పించమని ఒకటి. తనను ప్రశ్నలు అడిగేవాళ్లు నోటికి కాగితం అడ్డం పెట్టుకుని అడగాలని రెండోది. రెండిటి కిందా తెలుగులో సంతకం పెట్టి, కమిషన్ కిటికీ తెరవక ముందే వరసలో మొదట నిలబడ్డాడు.