విమల లాంగ్ ప్లే

1964. తాండూరు స్టేషను రోడ్డులో నాకు గ్రామఫోను రికార్డుల దుకాణం ఉండేది. అప్పట్లో ఎక్కువగా అమ్ముడయ్యేవి సెవెంటీ ఎయిట్‌లు. వైపుకి ఒక్క పాటే పట్టేది, కింద పడితే పగిలేవి. లాంగ్ ప్లే అప్పుడప్పుడే వస్తోంది. నెమ్మదిగా తిరిగే ఆ పెద్ద రికార్డులో పది పాటల దాకా పట్టేవి.

ఆ వానాకాలంలో విమల లాంగ్ ప్లే వచ్చింది. ఆమెది ధారూర్ పక్క పల్లె. రేడియోలో లలితగీతాలు పాడి పేరు తెచ్చుకుంది. ఈసారి కంపెనీవాళ్లు ఆమె చేత అన్ని రకాలూ పాడించారు. ఒక ఖవ్వాలీ, ఒక కన్నడ భజన, ఇంగ్లీషు బ్యాండు వరస మీద డాన్సు పాట, చివర్న వాళ్లమ్మ దగ్గర నేర్చిన కలుపు పాట. రెండుసార్లు విన్నాను. తప్పు పట్టడానికి ఏమీ లేదు, గొంతు హాయిగా ఉంది. మూడోసారి వినాలనిపించలేదు. ఖవ్వాలీలంటే ప్రాణం పెట్టే దర్జీ మహబూబ్ సాబ్ కూడా "మంచిగనే పాడింది" అని, తన పాత రికార్డే పెట్టమన్నాడు.

కొన్నాళ్లకు విమల దుకాణానికి వచ్చింది.

"అన్నా, నా రికార్డు ఎట్లుంది? నిజం చెప్పు."

"మస్తుగుందమ్మా," అన్నాను. అమ్మేవాడి నోటికి ఆ మాట అలవాటు.

ఆమె ముఖం తేటపడింది. "అయితే మా అమ్మకు వినిపిద్దాం. మంచంల వడ్డది, డాక్టర్లు ఆశ లేదన్నరు. మా ఇంట్ల పాత పాటల పెట్టె మీద ఇది తిరగదు. జర నీ మెషిన్ తీస్కొని వస్తవా?"

మర్నాడు పొద్దున బ్యాటరీ ప్లేయర్ పట్టుకుని ఆమెతో రైలెక్కాను. వాళ్లమ్మ ఈశ్వరమ్మ బాగా చిక్కిపోయింది. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఒక్కో పాట అయిపోగానే "మంచిగుంది బిడ్డా" అంటోంది. కలుపు పాట మొదలైంది. తబలా, వయొలిన్లు జోరుగా వచ్చాయి. ఈశ్వరమ్మ ఆపమని చెయ్యెత్తింది. నేను సూది పైకి లేపాను.

"గింత తొందరేంది? కలుపు తీసేటప్పుడు వంగాలె, గడ్డి పట్టాలె, గుంజాలె. గప్పటిదాంక పాట ఆగాలె కద. గిది ఎవ్వరికోసం ఆగుతలేదు బిడ్డా."

తనే పాట ఎత్తుకుంది. ఒక్క చరణం కూడా సాగలేదు, ఊపిరి చాల్లేదు. విమల అందుకుంది. దుప్పటి మీద తల్లి వేళ్లు గడ్డి పట్టినట్టు ముడుచుకునే దాకా ఆగి, తరువాతి మాట పాడింది. గొంతు వణికింది, ఒకచోట శ్రుతి తప్పింది. నాకు కళ్లు తిప్పుకోవడం చేతకాలేదు.

నన్ను సాగనంపడానికి స్టేషనుకు వచ్చి విమల అడిగింది.

"అన్నా, నా రికార్డుల పస లేదని నీకు ముందే తెలుసు కదా?"

"తెలుసమ్మా."

"మరి చెప్పలేదేంది? కంపెనోళ్లు, రేడియోవాళ్లు అందరూ మంచిగుందనే అన్నరు. నువ్వన్న చెప్తవని వచ్చిన. నాకు నిజం చెప్పేది మా అమ్మ ఒక్కతే. ఆమె గూడ పోతున్నది."

వారానికే ఈశ్వరమ్మ పోయింది.

మంచి మాట చెప్పి పంపడమే మర్యాద అనుకునేవాణ్ణి. అడిగిన మనిషిని ఆ మర్యాద ఎంత ఒంటరిని చేస్తుందో ఆ ప్లాట్‌ఫారం మీద తెలిసింది. మరుసటి ఏడు విమల కొత్త రికార్డు శాంపిల్ తెచ్చి నా ముందు పెట్టింది. విన్నాను. రెండో పాట నన్ను పట్టుకోలేదని చెప్పాను.

ఆమె స్టూలు ముందుకు జరుపుకుని కూర్చుంది. "మళ్ల పెట్టన్నా. ఏ కాడ పట్టుకోలేదో చూపియ్యి."